న్యాయమూర్తి సంతకం లేని తాఖీదు

2025 జులై 9న అమెరికా అంతర్గత భద్రతా శాఖ హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి సబ్‌పీనాలు జారీ చేసింది. విదేశీ విద్యార్థుల వీసాలకు సంబంధించిన రికార్డులను అప్పగించాలన్నది వాటి సారాంశం. అంతకు మూడు నెలల క్రితం, ఏప్రిల్‌లో, ఆ శాఖ ఇటువంటి సమాచారాన్నే మామూలు లేఖ ద్వారా కోరింది. విశ్వవిద్యాలయం పంపిన జవాబు చాలదంటూ ఇప్పుడు తాఖీదుకు దిగింది. ఆ వార్తను చదివినవారిలో చాలామంది దృష్టికి రాని విషయం ఒకటుంది. ఆ తాఖీదులు వెళ్ళడానికి ముందు ఏ న్యాయమూర్తి అనుమతీ తీసుకోలేదు. ఏ న్యాయస్థానం ముద్రా వాటికి అవసరం పడలేదు. శాఖ తానే రాసుకొంది, తానే సంతకం చేసింది, తానే పంపింది.

హోసూరు, కోలారు, బళ్ళారి, సిరోంచ, పర్లాకిమిడి, యానాం పరిసరాల తెలుగు కుటుంబాలకు ఇది దూరదేశపు న్యాయచర్చగా కనిపించవచ్చు. కానీ పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తెచ్చి బిడ్డను అమెరికాలో చదివిస్తున్న ఇళ్ళు ఈ పల్లెల్లోనూ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి కోర్టు గడప తొక్కకుండానే తన బిడ్డ వివరాలు రాబట్టగలదా, పిలిపించగలదా అని తల్లిదండ్రులు అడగడం సహజం. సూటిగా చెప్పాలంటే, కొన్ని సంస్థలు కొన్ని విషయాల్లో తమంతట తామే సబ్‌పీనా ఇవ్వగలవు. అయితే దాన్ని తమంతట తాము అమలు చేసుకోలేవు. ఆ రెండు వాక్యాల నడుమ ఉన్న దూరమే అసలు సంగతి. ఆ దూరాన్ని చాలా సందర్భాల్లో ఎవరూ కొలవకుండా వదిలేయడమే ఈ అధికారానికి ఉన్న బలం.

సబ్‌పీనా అన్నది లాటిన్ మాట. 'శిక్షకు లోబడి' అని దాని అర్థం. రాకపోతే, తేకపోతే దండన తప్పదని పేరులోనే హెచ్చరిక ఉంది. మన న్యాయస్థానాలు సాక్షికి పంపే సమనుకు ఇది అన్నదమ్ముల వంటిది. అమెరికాలో నేర దర్యాప్తులో ఎక్కువగా వాడేది గ్రాండ్ జ్యూరీ సబ్‌పీనా. 16 నుంచి 23 మంది దాకా సామాన్య పౌరులు కూర్చొని, ఒక కేసులో అభియోగం మోపడానికి తగిన ఆధారం ఉందో లేదో తేల్చే సభ అది. దాని పేరుమీద ప్రభుత్వ న్యాయవాది సాక్షులనూ పత్రాలనూ రప్పిస్తారు. ఎఫ్‌బీఐ అధికారి ఆ కాగితాన్ని తీసుకెళ్ళి చేతికిస్తాడు. పత్రికలు 'ఎఫ్‌బీఐ సబ్‌పీనా ఇచ్చింది' అని రాస్తాయి. నిజానికి ఇచ్చింది ఎఫ్‌బీఐ కాదు, మోసుకొచ్చింది మాత్రమే.

ఇందులోనూ ఒక విచిత్రం ఉంది. ఫెడరల్ నేరవిచారణ నియమావళిలోని 17వ నియమం ప్రకారం న్యాయస్థానపు గుమాస్తా సంతకమూ ముద్రా వేసిన ఖాళీ పత్రాలను ఇస్తాడు. పేరు, తేదీ, కావలసిన వస్తువుల జాబితా ప్రభుత్వ న్యాయవాదే నింపుకొంటాడు. సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితం ఇచ్చి మోసపోయిన రైతుల కథలు విన్నవారికి ఈ పద్ధతి కొంత విడ్డూరంగానే తోచవచ్చు. కోర్టు పేరున్న సబ్‌పీనాను కూడా పంపకముందు ఏ న్యాయమూర్తీ చదవడన్నమాట. అయినా దాని వెనుక న్యాయస్థానపు అధికారం ఉంటుంది. ధిక్కరించినవాడు కోర్టును ధిక్కరించినట్లే.

రెండో రకం పరిపాలనా సబ్‌పీనా. హార్వర్డ్‌కు వెళ్ళినది ఇదే. ఇక్కడ గ్రాండ్ జ్యూరీ లేదు, గుమాస్తా లేడు. ఫలానా చట్టం అమలు కోసం ఫలానా శాఖ సాక్షులను పిలిపించవచ్చు, పత్రాలు తెప్పించవచ్చు అని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ శాసనంలో రాసి ఉండాలి. రాసి ఉంటే ఆ శాఖకు అధికారం ఉంది. లేకుంటే లేదు. దర్యాప్తు సంస్థ అయినంత మాత్రాన, చేతిలో బిళ్ళ ఉన్నంత మాత్రాన ఈ అధికారం పుట్టదు. ఇటువంటి అధికారాలు ఎన్ని పోగయ్యాయో 2002లో అమెరికా న్యాయశాఖ లెక్కగట్టి కాంగ్రెస్‌కు నివేదించింది. దాదాపు 335 తేలాయి. వాటిలో అత్యధికం వేతనాలు, పన్నులు, వాణిజ్యం, ఆరోగ్యం వంటి పరిపాలనా విషయాలకు సంబంధించినవి. నేర దర్యాప్తుకు అక్కరకొచ్చేవి కొన్నే.

ఆ కొన్నింటిలో ముఖ్యమైనది 1970 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఉంది. దర్యాప్తుకు సంబంధించినవని తాను భావించిన రికార్డులను అటార్నీ జనరల్ తెప్పించవచ్చని అందులోని నిబంధన. ఆ అధికారాన్ని మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థలోని అధికారులకు దించి ఇచ్చారు. వలస విషయాల్లో మరో చట్టం ఉంది. వలస అధికారి సాక్షులను పిలిపించవచ్చు, పుస్తకాలూ పత్రాలూ అడగవచ్చు. కస్టమ్స్ శాఖకు దిగుమతి సుంకాల లెక్కల కోసం వేరే నిబంధన, పన్నుల శాఖకు తన సొంత సమను ఉన్నాయి.

ఇంత పేరుమోసిన ఎఫ్‌బీఐకి మాత్రం అన్ని నేరాలకూ వర్తించే సాధారణ సబ్‌పీనా అధికారం లేదు. మాదకద్రవ్యాలు, వైద్యబీమా మోసాలు, పిల్లలపై లైంగిక నేరాలు వంటి కొద్ది రకాల కేసులకే అది పరిమితం. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఉగ్రవాద దర్యాప్తుకూ ఈ అధికారం కావాలని అధ్యక్షుడు జార్జి బుష్ 2003 సెప్టెంబరులో బహిరంగంగా కోరారు. దేశమంతా భయంలో మునిగి ఉన్న ఆ రోజుల్లో సైతం కాంగ్రెస్ దాన్ని ఇవ్వలేదు. గమనించవలసిన విషయమే.

అయితే వెనుకదారి ఒకటి తెరిచే ఉంది. దేశభద్రతా లేఖ అని దాని పేరు. గూఢచర్యం, ఉగ్రవాదం వంటి వ్యవహారాల్లో ఫోను కంపెనీలు, బ్యాంకుల నుంచి కొన్ని రకాల రికార్డులను ఎఫ్‌బీఐ ఉన్నతాధికారి సంతకంతోనే తెప్పించుకోవచ్చు. పైగా లేఖ అందిన సంగతి ఎవరికీ చెప్పరాదని ఆంక్ష కూడా పెట్టవచ్చు. 2003 నుంచి 2005 వరకు మూడేళ్ళలో ఇటువంటి కోరికలు 1,43,074 అని న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2007లో బయటపెట్టారు. దుర్వినియోగాలనూ ఎత్తిచూపారు. 2005లో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రంథాలయ సంస్థ ఒకదానికి ఈ లేఖ అందింది. నలుగురు గ్రంథాలయాధికారులు ఒప్పుకోక కోర్టుకెక్కారు. తమ పేర్లు తామే చెప్పుకోలేని స్థితిలో వారు వాదించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆంక్షనూ, తరువాత కోరికనూ వదులుకొంది.

ఇక అమలు సంగతి. సబ్‌పీనా అందుకొన్నవాడు ఇవ్వనంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు పునాది 1894 నాటి బ్రిమ్‌సన్ కేసులో పడింది. రైల్వే రవాణా ఛార్జీలను పర్యవేక్షించే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ పిలుపును కొందరు ధిక్కరించారు. కమిషన్ తానే జరిమానా, జైలు విధించేలా అధికారం ఇవ్వడం కుదరదు, న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఉత్తర్వు పొందే పద్ధతి మాత్రం చెల్లుతుంది అని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచీ దారి అదే. సంస్థ అడుగుతుంది. ఎదుటివాడు కాదంటాడు. సంస్థ ఫెడరల్ జిల్లా న్యాయస్థానానికి వెళ్ళి ఉత్తర్వు కోరుతుంది. న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చిన తరువాత కూడా ధిక్కరిస్తేనే శిక్ష. పన్నుల శాఖ సమను వంటి కొన్నింటికి చట్టంలోనే విడిగా శిక్ష రాసి ఉన్నా, మాదకద్రవ్యాల, వలస చట్టాల కింద నడిచేది ఈ తోవే. పేరులో 'శిక్షకు లోబడి' అని ఉన్నా, ఆ శిక్ష సంస్థ చేతిలో లేదు.

అలాగని కోర్టుకు వెళ్తే సంస్థకు ఓటమి తప్పదని భ్రమపడరాదు. 1946లో ఒక పత్రికా ప్రచురణ సంస్థ వేతన రికార్డులు చూపనని వాదించి ఓడిపోయింది. సోదా వారంటుకు కావలసినంత బలమైన ఆధారం సబ్‌పీనాకు అక్కరలేదని ఆ తీర్పు. 1950లో మోర్టన్ సాల్ట్ అనే ఉప్పు కంపెనీ కేసులో కొలబద్ద ఇంకా స్పష్టమైంది. విచారణ ఆ సంస్థ అధికార పరిధిలో ఉందా, అడిగింది మరీ అస్పష్టంగా లేదు కదా, అడిగినదానికీ విచారణకూ సంబంధం ఉందా అన్న మూడు ప్రశ్నలే న్యాయమూర్తి వేయాలి. చట్టం ఉల్లంఘన జరిగిందన్న అనుమానంతోనే కాదు, జరగలేదని నిర్ధారించుకోవడానికి కూడా సంస్థ అడగవచ్చునని కోర్టు అనేసింది. ఇంత తక్కువ ఎత్తు గోడను దాటలేని సంస్థ ఉండదనిపిస్తుంది. అయినా అప్పుడప్పుడు కాలు తగిలి పడుతూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రికి న్యాయశాఖ పంపిన సబ్‌పీనాను ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి కొట్టివేశారు. దాని వెనుక ఉద్దేశం సక్రమం కాదని ఆయన తేల్చారు.

మన దేశపు పద్ధతిని పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌కు 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టంలోని 50వ సెక్షన్ సమను అధికారాన్ని ఇచ్చింది. పిలిచినవారు రావాలి, అడిగినదానికి నిజం చెప్పాలి, పత్రాలు తేవాలి. కావాలని ధిక్కరిస్తే ఆ ధిక్కారమే నేరం. ముందుగా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవలసిన పని సంస్థకు లేదు. 2022 జులై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించింది. తమిళనాడు సరిహద్దు పల్లెలవారికి ఇసుక తవ్వకాల వ్యవహారం గుర్తుండే ఉంటుంది. 2023లో వేలూరు సహా ఐదు జిల్లాల కలెక్టర్లకు డైరెక్టరేట్ సమన్లు పంపింది. మద్రాసు హైకోర్టు వాటిని నిలిపివేసింది. 2024 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను పక్కకు నెట్టి, కలెక్టర్లు హాజరు కావలసిందేనని ఆదేశించింది. జిల్లా మొత్తానికి తాఖీదులు పంపే కలెక్టరుకే తాఖీదు వచ్చిన సందర్భం అది.

పోలీసుల పిలుపుకు మాత్రం మన చట్టంలో ఒక హద్దు ఉంది. సాక్షిగా పిలవాలంటే లిఖితపూర్వకంగా పిలవాలి. పిలిచేది తన ఠాణా పరిధిలోనో, దానికి ఆనుకొన్న ఠాణా పరిధిలోనో ఉన్నవారిని మాత్రమే. పాత నేరవిచారణ స్మృతిలోని 160వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త సంహితలోని 179వ సెక్షన్ ఈ మాటే చెబుతున్నాయి. మహిళలను, 15 ఏళ్ళ లోపు బాలురను, 60 ఏళ్ళు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రంగా జబ్బుపడినవారిని వారి నివాసం వద్దనే ప్రశ్నించాలి. వారు తమంతట తాము ఠాణాకు వస్తామంటే అది వేరు. రెండు రాష్ట్రాల ఠాణాలు పొలం గట్టుకు అటొకటి ఇటొకటిగా ఉండే ఊళ్ళవారికి ఆ 'ఆనుకొన్న ఠాణా' అన్న మాట విలువ వివరించనక్కరలేదు.

అమెరికాలో హద్దు ఊరిపొలిమేరను బట్టి కాక, విషయాన్ని బట్టి ఉంటుంది. ఆ హద్దు దాటితే ఏమవుతుందో 2017 నాటి ట్విటర్ ఉదంతం చక్కగా చూపుతుంది. ఆ ఏడాది మొదట్లో, వలస శాఖ ఉద్యోగులమని చెప్పుకొంటూ ప్రభుత్వ విధానాలను విమర్శించే ఖాతా ఒకటి ట్విటర్‌లో వెలిసింది. దాన్ని నడిపేదెవరో చెప్పమంటూ కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ కంపెనీకి సమను పంపింది. చూపిన ఆధారమేమిటి? దిగుమతి సరుకులపై సుంకాల లెక్కలు తనిఖీ చేయడానికి ఉద్దేశించిన నిబంధన. ఓడరేవులో దిగిన సరుకుకూ, ప్రభుత్వాన్ని తిట్టిన వాక్యానికీ ఏమి సంబంధమో సమనులో లేదు. మార్చి 14న పంపిన ఆ సమను, మార్చి 13 నాటికి వివరాలు ఇవ్వాలని గడువు పెట్టడం కొసమెరుపు.

ట్విటర్ ఏప్రిల్ 6న కోర్టులో దావా వేసింది. మరునాడే ప్రభుత్వం సమనును ఉపసంహరించుకొంది. న్యాయమూర్తి నోరు విప్పవలసిన అవసరమే రాలేదు. ఆ తరువాత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం విచారించి, సమను అధికారాన్ని సక్రమంగా వాడలేదని అదే ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చింది. ఎనిమిదేళ్ళు గడిచాక పాత పాట మళ్ళీ వినిపించింది. వలస అధికారుల దాడుల సమాచారాన్ని పంచుకొనే సామాజిక మాధ్యమ ఖాతాల యజమానులెవరో చెప్పాలని 2025లో అంతర్గత భద్రతా శాఖ కంపెనీలకు సబ్‌పీనాలు పంపింది. ఖాతాదారులు న్యాయవాదుల సాయంతో కోర్టుకు వెళ్ళిన కొన్ని సందర్భాల్లో, తీర్పు రాకముందే శాఖ వెనక్కు తీసుకొంది. తీర్పు వస్తే అది అందరికీ వర్తిస్తుంది. వెనక్కు తీసుకొంటే ఆ ఒక్కరికే ఊరట. ఎదురుతిరగని మిగతావారిపై పాత అధికారం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇందులో ఉన్న లౌక్యం మన రెవెన్యూ కార్యాలయాల చుట్టూ తిరిగిన ఏ రైతుకైనా అర్థమవుతుంది.

అసలు ప్రమాదం ఇంకొక చోట ఉంది. సబ్‌పీనా సాధారణంగా సదరు మనిషికి రాదు. అతని బ్యాంకుకు, ఫోను కంపెనీకి, కళాశాలకు, యజమానికి వెళ్తుంది. తన రికార్డు కాని దానికోసం కోర్టు ఖర్చు పెట్టుకొని పోరాడే ఓపిక ఎందరికి ఉంటుంది? ఈ తలుపును తెరిచింది 1976 నాటి మిల్లర్ కేసు. పన్ను కట్టకుండా సారా కాచాడన్న నేరంపై ఒకతని బ్యాంకు లెక్కలను అధికారులు సబ్‌పీనాలతో రాబట్టారు. బ్యాంకులు అతనికి మాటమాత్రం చెప్పలేదు. ఆ లెక్కలు బ్యాంకువే గాని నీవి కావు, నీకు అభ్యంతరం చెప్పే హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. మూడేళ్ళకు, 1979లో, డయలు చేసిన ఫోను నంబర్లకూ అదే సూత్రాన్ని వర్తింపజేసింది.

మిల్లర్ తీర్పుపై రేగిన అసంతృప్తితో కాంగ్రెస్ 1978లో ఒక చట్టం చేసింది. ఫెడరల్ సంస్థ పరిపాలనా సబ్‌పీనాతో బ్యాంకు రికార్డు కోరితే ఖాతాదారుకు ముందుగా తెలపాలి, అభ్యంతరానికి వ్యవధి ఇవ్వాలి. మినహాయింపులు చాలా ఉన్నాయి. గ్రాండ్ జ్యూరీ సబ్‌పీనాకు ఈ నియమం లేదు. ఈమెయిలు, ఫోను విషయంలో 1986 నాటి చట్టం ఉత్తరానికీ కవరుకూ తేడా పాటిస్తుంది. కవరు మీది వివరాల వంటివి, అంటే ఖాతాదారు పేరు, చిరునామా, ఎప్పుడెప్పుడు మాట్లాడాడన్న పట్టిక, సబ్‌పీనాకే దొరుకుతాయి. లోపలి ఉత్తరం చదవాలంటే వారంటు కావాలన్న వైఖరి న్యాయస్థానాల్లో స్థిరపడుతూ వచ్చింది. 2018లో కార్పెంటర్ కేసులో సుప్రీంకోర్టు, మనిషి రోజుల తరబడి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పే సెల్‌ఫోన్ టవరు రికార్డులకు న్యాయమూర్తి వారంటు తప్పనిసరి అంది. సబ్‌పీనా అధికారానికి ఈ మధ్యకాలంలో పడిన గట్టి కంచె ఇదే.

కంచె లేనప్పుడు ఏమి జరిగిందో మాదకద్రవ్యాల సంస్థ చరిత్రే సాక్ష్యం. అనుమానితుల పేర్లేవీ లేకుండా, ఎంపిక చేసిన దేశాలకు అమెరికా నుంచి వెళ్ళిన ఫోన్ కాల్స్ పట్టికలన్నిటినీ 1992 నుంచి 2013 దాకా గుత్తగా సబ్‌పీనాలతో కంపెనీల నుంచి సేకరించింది. రెండు దశాబ్దాలు ఏ న్యాయస్థానం ఆమోదమూ లేదు. కంపెనీలు ఇస్తూ పోయాయి. సంగతి లోకానికి తెలిసింది 2015లో. న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ దీనిపై 2019 మార్చిలో నివేదిక ఇస్తూ, ఇంత విస్తారమైన సేకరణకు ఆ నిబంధన అనుమతిస్తుందా అన్న న్యాయ పరిశీలన సరిగా జరగలేదన్నారు. 1970లో కాంగ్రెస్ ఒక్కొక్క కేసును మనసులో పెట్టుకొని రాసిన వాక్యం కోట్ల కాల్స్‌కు తాళం చెవి అయింది.

ఇప్పుడు విద్యార్థుల విషయం. చాలామంది తల్లిదండ్రులు ఊహించని చేదునిజం ఇక్కడ ఉంది. ఎఫ్-1 వీసాపై చదివే విద్యార్థి వివరాల కోసం వలస శాఖకు సబ్‌పీనా అవసరం కూడా చాలావరకు లేదు. విదేశీ విద్యార్థులను చేర్చుకొనే ప్రతి కళాశాలా ఆ శాఖ అనుమతితోనే చేర్చుకొంటుంది. విద్యార్థి చిరునామా, చదివే కోర్సు, హాజరు స్థితి వంటి నిర్దేశిత వివరాలను సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదు చేస్తూ ఉండాలి. ఒక విద్యార్థి గురించి అడిగితే మూడు పనిదినాల్లో ఇవ్వాలి. అమెరికా విద్యార్థి రికార్డుకు ఉన్న గోప్యతా రక్షణ ఈ మేరకు విదేశీ విద్యార్థికి వర్తించదు. సబ్‌పీనా ప్రశ్న పుట్టేది ఈ నిర్దేశిత పట్టికకు బయట ఉన్నవాటికి, అంటే క్రమశిక్షణ చర్యలు, ఉత్తరప్రత్యుత్తరాలు, ఆందోళనల్లో పాల్గొన్న వివరాలు వంటివాటికి. హార్వర్డ్ తగాదా ఆ గీత దగ్గరే మొదలైంది.

ఉద్యోగం చేసే పిల్లల విషయంలోనూ ఇటువంటిదే. యజమాని దగ్గర ఉండే ఐ-9 పత్రాలను తనిఖీకి చూపమని అధికారులు నోటీసు ఇస్తే యజమానికి కనీసం మూడు పనిదినాల గడువు ఇవ్వాలి. దానికి వారంటు గాని సబ్‌పీనా గాని తప్పనిసరి కాదు.

2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం తెలుగు ఇళ్ళలో ఇంకా మరుగున పడలేదు. మిషిగన్ రాష్ట్రంలో వలస అధికారులే నెలకొల్పిన బూటకపు విశ్వవిద్యాలయం అది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై నేరాభియోగాలు మోపారు. మొదటి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. వారిలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. వలస నిబంధనల ఉల్లంఘన కింద పట్టుబడిన అటువంటివారికి అధికారులు ఇచ్చేది హాజరు నోటీసు. ఇది సబ్‌పీనా కాదు. వలస న్యాయమూర్తి ముందు నడిచే బహిష్కరణ విచారణకు నాంది. దీన్నీ అధికారులే జారీ చేస్తారు. కానీ దీన్ని పక్కన పడేస్తే, గైర్హాజరులోనే దేశం విడిచి వెళ్ళాలన్న ఉత్తర్వు పడే ప్రమాదం ఉంది. రెండు పత్రాలకూ తలమీద ఉండేది ఒకే శాఖ పేరు కావడం వల్ల తికమక సహజం. వలస అధికారులు తామే రాసుకొనే వారంటు మూడోది. దాని బలమెంత అన్నదానిపై అక్కడి న్యాయస్థానాల్లో ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి.

కాబట్టి బిడ్డ ఫోన్‌చేసి 'ఏదో కాగితం వచ్చింది' అన్నప్పుడు మొదట చూడవలసింది పైభాగం. ఫెడరల్ జిల్లా న్యాయస్థానం పేరుందా, శాఖ పేరు మాత్రమే ఉందా? కింద సంతకం చేసింది న్యాయమూర్తా, గుమాస్తానా, శాఖాధికారా? ఏ చట్టం, ఏ సెక్షన్ కింద అడిగారు? ఎవరిని, ఏమి తెమ్మన్నారు, గడువెంత? ఈ వివరాలతో వలస చట్టం తెలిసిన న్యాయవాది దగ్గరకు గడువులోపు వెళ్ళాలి. శాఖ పంపిన సబ్‌పీనాకు అభ్యంతరం చెప్పవచ్చు, పరిధి తగ్గించమని కోరవచ్చు. చేయకూడనివి రెండు. అధికారికి అబద్ధం చెప్పడం విడిగా నేరం. కాగితం అందాక ఫోనులోనో కంప్యూటరులోనో ఉన్నవి చెరిపేయడం అంతకంటే పెద్ద నేరం. దర్యాప్తును అడ్డుకొనే ఉద్దేశంతో రికార్డు నాశనం చేస్తే 20 ఏళ్ళ దాకా శిక్ష వేయవచ్చునని 2002లో చేసిన చట్టం చెబుతోంది. భయంతో చేసిన చిన్నపని అసలు వ్యవహారం కంటే బరువైన కేసుగా మారిన సందర్భాలు అక్కడి కోర్టుల్లో కొత్త కాదు.

డబ్బు సంగతి వేరుగా చెప్పాలి. సబ్‌పీనా సాక్ష్యాన్ని, పత్రాలను అడుగుతుంది. డబ్బు అడగదు. 'మీ అబ్బాయిపై సబ్‌పీనా ఉంది, ఈ ఖాతాకు పంపితే రద్దు చేస్తాం' అని ఊరికి ఫోన్ చేసినవాడు ఏ భాషలో మాట్లాడినా, తెరమీద ఏ నంబరు కనిపించినా మోసగాడే. మన దగ్గర డిజిటల్ అరెస్టు పేరుతో సాగుతున్న దోపిడీకి అది అమెరికా వేషం.

కళాశాలకు వచ్చిన సబ్‌పీనా గురించి విద్యార్థికి తెలుస్తుందా అన్నది మిగిలిన ప్రశ్న. అక్కడి విద్యా రికార్డుల గోప్యతా నిబంధనల ప్రకారం, సబ్‌పీనాకు లోబడి రికార్డు ఇచ్చే ముందు విద్యార్థికి తెలిపేందుకు కళాశాల సమంజసమైన ప్రయత్నం చేయాలి. విద్యార్థి ఆ లోపు కోర్టుకు వెళ్ళే వీలు కలగాలన్నది దాని ఉద్దేశం. నేర దర్యాప్తు కోసం వచ్చిన సబ్‌పీనాలో రహస్యంగా ఉంచమని ఆదేశం ఉంటే మాత్రం ఆ బాధ్యత లేదు. పాత చిరునామాకో, వాడని ఈమెయిలుకో పంపినా ప్రయత్నం చేసినట్లే లెక్క. గది మారిన ప్రతిసారీ విద్యార్థి తన కొత్త చిరునామాను పది రోజుల్లోగా కళాశాలకు తెలపాలన్న వీసా నియమం ఎలాగూ ఉంది.